అలుగు కింద గాలం వేసే ముందు

చెరువు నిండి అలుగు పారుతోందన్న కబురు వస్తే ఊళ్లో సగం మంది అక్కడే తేలతారు. ఒకరి చేతిలో గాలం, ఒకరి చేతిలో విసురు వల, ఇంకొకరి చేతిలో పాత దోమతెర. తెలంగాణలో ‘మత్తడి దుంకుతున్నది’ అంటారు, ఆంధ్రలో ‘అలుగు పొర్లుతోంది’ అంటారు. చేపలు పట్టేవాడికి రెండింట్లోనూ వినిపించేది ఒకటే.

ఆ ఆశలో తప్పేం లేదు. కొత్తనీరు తగిలితే జెల్లలు, పరిగెలు, మార్పు చేపలు, మట్టగిడసలు వాగుకు ఎదురెక్కి వచ్చి అలుగు గోడ దగ్గర ఆగిపోతాయి. పైనుంచేమో చెరువులో పెంచిన బొచ్చెలు, రోహులు నీటితోపాటు జారి కిందికొస్తాయి. పడే నీటిలో గాలి బాగా కలుస్తుంది, కొట్టుకొచ్చిన పురుగూ పుట్రా తిండికి దొరుకుతుంది. ఇన్ని ఉన్నచోట చేప చేరక ఏం చేస్తుంది?

గాలానికి మంచి చోటని పేరున్నవన్నీ ఒకసారి తలుచుకోండి. అలుగు, తూము, కాలువ నీరు మెట్టులా కిందికి దూకే డ్రాపు, లాకులు, ప్రాజెక్టు గేట్ల కింద మడుగు. అన్నీ నీరు కదిలే చోట్లే. చేపను అక్కడికి తెచ్చిన నీరే మనిషినీ లాగుతుంది. కాబట్టి ‘ప్రమాదం లేని చోట వేసుకోండి’ అని చెప్పి చేతులు దులుపుకుంటే ఎవరూ వినరు, అక్కడ చేప ఉండదు కనుక. చెప్పాల్సింది ఎంత దూరంలో నిలబడాలి, ఏ పక్కన నిలబడాలి అన్నది. అసలు కర్ర, దారం ఉన్నవే అందుకు: చేప దగ్గరకు గాలం వెళ్తే చాలు, మనిషి వెళ్లనక్కర్లేదు.

అలుగు కింద ఏం జరుగుతుందో ఒడ్డున నిలబడే చూడొచ్చు. గోడ మీంచి దూకిన నీరు నేరుగా అడుక్కి వెళ్లి, కొంత దూరం అడుగునే పరుగెత్తి పైకి తేలుతుంది. తేలిన చోట నీరు ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది. అక్కణ్ణుంచి కొంత ముందుకు పోతే, కొంత పైపైన వెనక్కి, గోడ వైపు తిరుగుతుంది. ఎండిన కొబ్బరి డొక్కో చిన్న కట్టెపుల్లో విసిరి చూడండి. అది దిగువకు పోకుండా గోడ దగ్గరకు వెళ్లి, మునిగి, తేలి, మళ్లీ గోడ దగ్గరకే వెళ్తుంటే ఆ అలుగు మనిషినీ అలాగే తిప్పుతుంది. నురగ కూడా అదే చెబుతుంది, ఒకే చోట గుంపుగా తిరుగుతూ ఉంటుంది. పైగా ఆ తెల్లటి నీరు సగం గాలి. మామూలు నీటిలో తేలేవాడు అందులో సరిగా తేలడు, చేతులు వేసినా పట్టు దొరకదు. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా అలుగు కింద ప్రాణాలు పోగొట్టుకోవడానికి కారణం ఇదే. ఒంట్లో బలం లేక కాదు, బలం పెట్టడానికి అక్కడ గట్టి నీరు లేక.

గోడ ఎత్తు మీటరే కదా అనుకోవద్దు. తక్కువ ఎత్తుండి, ఒడ్డు నుంచి ఒడ్డుకు తిన్నగా కట్టిన గోడే ఎక్కువ మోసం చేస్తుంది, ఎందుకంటే తిరుగు నీటికి పక్కన ఎక్కడా తెరపి ఉండదు.

నిలబడాల్సింది ఎక్కడంటే, ఆ ఉడుకు గీత దాటి నీరు మామూలుగా దిగువకు సాగే చోటికి ఇంకాస్త కింద, ఒడ్డు మీద, కాలు తడవని ఎత్తులో. అక్కణ్ణుంచి గాలాన్ని వేగపు నీరూ నిలకడ నీరూ కలిసే అంచులోకి వేయండి. చేప ఉండేది ఆ అంచులోనే. పరుగు నీటిలో ఊరికే ఎదురీదుతూ అది కూడా అలసిపోదు, పక్కన నిలకడలో ఉండి కొట్టుకొచ్చేదాన్ని అందుకుంటుంది. జెల్లకు వానపాము, పరిగెకు గోధుమపిండి ముద్ద. 20 నుంచి 30 గ్రాముల సీసం గుండు చాలు. ఆ గుండును మాత్రం అసలు దారానికి నేరుగా కట్టకండి. అసలు దారం కంటే సన్నని దారం ఒక జానెడు తీసుకుని, దానితో పక్కకు వేలాడదీయండి. రాళ్లలో ఇరుక్కునేది చాలాసార్లు గుండే. గట్టిగా లాగితే సన్నదారం తెగి గుండు పోతుంది, గాలమూ చేపా మీకు మిగులుతాయి. అన్నిటికంటే ముఖ్యం, ఇరుక్కున్న గాలం కోసం నీళ్లలోకి దిగాల్సిన అవసరం తప్పుతుంది. పది రూపాయల గాలం కోసం దిగి మునిగిపోవడం మన చెరువుల దగ్గర కొత్త సంగతేం కాదు.

ఇరుక్కున్న దారాన్ని లాగడానికీ ఒక పద్ధతుంది. కర్రను వంచి లాగితే కర్ర విరుగుతుంది, లేదా ఒక్కసారిగా వదిలిన గుండు తుపాకీ గుండులా మొహం మీదికొస్తుంది. కర్రను కింద పెట్టి, దారాన్ని ఒక కట్టెముక్కకు నాలుగైదు చుట్లు చుట్టి, మొహం పక్కకు తిప్పుకుని తిన్నగా వెనక్కి నడవండి. చేతికి చుట్టుకోవద్దు. అల్లిక దారం అయితే వేలిని కోసేస్తుంది.

అలుగు ముందు పరిచిన రాతి పలక మీద, సిమెంటు చప్టా మీద నడవడం గురించి ఒక మాట. పాకుడు మీద ఏ చెప్పూ ఆగదు, రబ్బరు చెప్పు అసలే ఆగదు. పారే నీరు అర అడుగు లోతున్నా వేగం ఉంటే పెద్దవాళ్లను పడగొడుతుంది. నీటి వేగం రెండింతలైతే కాలి మీద పడే తోపు నాలుగింతలవుతుంది. నిన్న మోకాలి లోతులో దాటిన చప్టా ఇవాళ అదే లోతులో దాటనివ్వకపోవడానికి కారణం అదే.

తూము దగ్గర ప్రమాదం పైకి కనబడదు. నీరు ప్రశాంతంగా ఉంటుంది, మహా అయితే పైన చిన్న సుడి, చొట్టలాంటిది తిరుగుతుంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు. లెక్క చూడండి. మూడు మీటర్ల లోతులో తూము నోరు 30 సెంటీమీటర్ల చదరం ఉందనుకుందాం. నీటి లోతు మీటరుకు, చదరపు మీటరు మీద ఒక టన్ను బరువు. ఆ నోటికి కాలో వీపో అడ్డుపడితే వెనక నుంచి అదిమే బరువు 270 కిలోల దాకా ఉంటుంది. పైనున్న నలుగురు కలిసి లాగినా రాదు. తూము తలుపు మూస్తేనే వదులుతుంది, ఆ తాళం ఎవరి దగ్గరుందో ఆ సమయానికి ఎవరికీ తెలియదు. తూము తీసి ఉన్నప్పుడు కట్ట మీంచి గాలం వేసుకోండి, నీటిలో వేలు కూడా పెట్టొద్దు.

కాలువల సంగతి వేరు. మట్టి కాలువలో పడినవాడు గడ్డి పట్టుకునైనా ఎక్కుతాడు. సిమెంటు లైనింగు వేసిన పెద్ద కాలువలో పక్కలు ఏటవాలుగా, నున్నగా ఉంటాయి. నీటి మట్టం దాకా పాకుడు పట్టి ఉంటుంది. ఎక్కబోతే గోళ్లు అరిగిపోతాయి తప్ప మనిషి కదలడు. చేప తీసుకునేటప్పుడే ఎక్కువమంది జారతారు. గాలానికి పడ్డ చేపను అందుకోవడానికి నాలుగడుగులు ఏటవాలు మీద దిగుతారు, నాలుగో అడుగు పాకుడు మీద పడుతుంది. దీనికి పొడుగు కాడ ఉన్న చిక్కం (చిన్న చేతి వల) ఒక్కటే మందు. రెండు మీటర్ల కాడ ఉంటే పైనుంచే చేపను ఎత్తొచ్చు. గాలం వేయడానికి కూర్చునే ముందే ఒక తాడును పైన చెట్టుకో రాయికో కట్టి, మూరకొక ముడి వేసి, కొసను నీటిలోకి వదిలిపెట్టుకోండి. ముడులు లేని తడి తాడు పట్టు దొరకదు.

అయినా పడ్డారంటే, పడ్డచోటే ఎక్కాలని తన్నుకోవద్దు. వెల్లకిలా తేలి, కాళ్లు ముందుకు పెట్టి, ప్రవాహంతోనే పోతూ కొంచెం కొంచెంగా పక్కకు జరగండి. దిగువన బట్టలుతికే రేవు మెట్లో, నిచ్చెన పలకలో వస్తాయి. వల వేసినా గాలం వేసినా ముందుగా ఓ అర కిలోమీటరు దిగువకు నడిచి ఆ మెట్లెక్కడున్నాయో చూసుకోవడం మంచిది. దిగువన సైఫన్ ఉంటే, అంటే కాలువ నేల కిందుగా సొరంగంలోకి దూరే చోటుంటే, దానికి ఎగువన అసలు కూర్చోవద్దు. అక్కడ మెట్లు వెతుక్కునే సమయం దొరకదు.

ప్రాజెక్టుల దిగువన నీరు చెప్పి రాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ల మీద ఉన్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్లతో వెళ్లిన టూరు సహాయకుడు ఒకరు, ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. శ్రీశైలం కిందైనా, నాగార్జునసాగర్ కిందైనా సూత్రం అదే. గేట్లు ఎత్తితే వార్తల్లో వస్తుంది, జనం చూడ్డానికి కూడా వెళ్తారు. కరెంటు కోసం టర్బైన్లు తిప్పడం మొదలుపెడితే వార్తేమీ రాదు, మడుగు మాత్రం పెరుగుతుంది. సైరను మోగితే వెంటనే ఎక్కాలి, మోగకపోయినా నీటిని గమనిస్తూ ఉండాలి. కూర్చోగానే నీటి అంచున ఒక రాయి పెట్టండి. పదేసి నిమిషాలకోసారి చూడండి. రాయి మీదికి నాలుగు వేళ్ల నీరెక్కిందంటే సర్దుకోవాల్సిందే, ‘ఇంకొక్కటి’ అనొద్దు. తేట నీరు ఒక్కసారిగా బురద రంగు తిరిగినా, ఎండుటాకులూ పుల్లలూ నురగా గుంపుగా కొట్టుకొచ్చినా అర్థం అదే. నీళ్లలో నడిచి చేరుకునే బండ మీద కూర్చోనే కూర్చోవద్దు. మునిగేది ముందుగా మీరు నడిచొచ్చిన దారే.

గోదావరి మీదైతే తలెత్తి ఆకాశం చూస్తే సరిపోదు. భద్రాచలంలో ఎండ కాస్తున్నా ప్రాణహిత, ఇంద్రావతి ఎగువ వానలను మోసుకొస్తాయి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర ఆ అంకెలు 11.75, 13.75, 17.75 అడుగులు. గాలం పట్టేవాడు మొదటి హెచ్చరిక దాకా ఆగడమే ఆలస్యం. మట్టం పెరుగుతోందన్న వార్త వచ్చిన రోజే లంకల్లోకి వెళ్లడం మానాలి.

మామూలు చెరువులో, అలుగూ తూమూ లేని పక్కన కూర్చుంటే భయం లేదా అంటే, ఒకటుంది. గుంతలు. పూడిక మట్టి కోసం, ఇటుక మట్టి కోసం ఎండాకాలంలో యంత్రాలతో తవ్వుతారు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడికతీత మరీ పెద్ద ఎత్తున జరిగింది. చెరువుకు అది మంచిదే. కానీ నీరు నిండాక, చిన్నప్పటి నుంచి మెల్లగా లోతెక్కే చెరువుగా తెలిసిన చోటే మోకాలి లోతు తరువాతి అడుగు తలమునక అవుతుంది. ఎండాకాలంలో ఒకసారి చెరువు గర్భంలో తిరిగి గుంతలెక్కడున్నాయో చూసి పెట్టుకున్నవాడికి రెండు లాభాలు. ఎక్కడ దిగకూడదో తెలుస్తుంది, పెద్ద బొచ్చె ఎక్కడుంటుందో కూడా తెలుస్తుంది.

పిడుగు, కరెంటు తీగ. ఈ రెండింటికీ గాలపు కర్ర మీద ప్రత్యేక ప్రేమ. ఇప్పుడు బజారులో దొరికే తేలిక రాడ్లలో ఎక్కువ భాగం కార్బన్ ఫైబర్‌వి, వాటిలో కరెంటు పారుతుంది. తడిసిన వెదురు కూడా నమ్మదగింది కాదు. చెరువు కట్టల మీదుగా మోటార్లకు వెళ్లే 11 కేవీ తీగలు కిందికి వేలాడుతుంటాయి. తాకనక్కర్లేదు, బాగా దగ్గరికెళ్తే చాలు. తీగ కింద కూర్చోవద్దు, కనీసం రెండు కర్రల పొడవు పక్కకు జరగండి. చోటు మారేటప్పుడు కర్రను మడిచి, నేలకు అడ్డంగా పట్టుకుని నడవండి. ఈదురు గాలుల కాలంలో మెరుపు కనబడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. 30 సెకన్ల లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. కర్ర కింద పెట్టి పక్కా ఇంట్లోకో కారులోకో వెళ్లండి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తరువాత అరగంట ఆగండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఫోన్‌లో ఉంటే ముందే హెచ్చరిస్తుంది.

పుట్టిలోనో పడవలోనో వెళ్తే లైఫ్ జాకెట్ వేసుకోవాలి. ‘వేసుకోవాలి’ అన్నాను, ‘పెట్టుకోవాలి’ అనలేదు. అడుగున పరుపులా వేసుకుని కూర్చున్న జాకెట్ మునిగేటప్పుడు చేతికి రాదు. కొనేటప్పుడు లోపలి చీటీ చదవండి. 50 న్యూటన్లు (తేలగొట్టే బలానికి కొలత) అని ఉంటే ఈత వచ్చినవాడికి ఆసరా మాత్రమే. స్పృహ తప్పినవాడి మొహాన్ని పైకి తిప్పే ఉద్దేశంతో చేసేవి 100 న్యూటన్లు, ఆ పైవి. మీ బరువుకు తగిన సైజు తీసుకుని, నడుము లోతు నీటిలో వేసుకుని చూడండి. జాకెట్ చెవుల దాకా ఎగదన్నితే పట్టీలు వదులుగా ఉన్నట్టు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదైతే మంచిది. పుట్టిలో లేచి నిలబడి గాలం విసరకండి, అది గుండ్రంగా ఉన్నదే తిరగడానికి. లుంగీ కట్టుకుని పడవెక్కొద్దు. నీటిలో అది రెండు కాళ్లనూ కట్టేస్తుంది. నిక్కరు నయం.

ఒడ్డున గాలం వేసేవాళ్ల దగ్గర ఉండాల్సింది ఒక నూనె క్యాను. అయిదు లీటర్ల ఖాళీ క్యాను దాదాపు అయిదు కిలోల బరువును తేలగొడుతుంది. నీటిలో మనిషి తల పైకి ఉండడానికి అది సరిపోతుంది. పూర్వం సొరకాయ బుర్రలు నడుముకు కట్టి ఈత నేర్పింది ఈ లెక్కతోనే. క్యానులో ఓ పావు లీటరు నీళ్లు పోసి మూత గట్టిగా బిగించండి, లేకపోతే విసిరినప్పుడు గాలికి దూరం పోదు. పిడికి 15 నుంచి 20 మీటర్ల తాడు కట్టండి. నైలాన్ తాడు వద్దు, మునుగుతుంది. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది. కొనే ముందు చిన్న ముక్క చెంబు నీళ్లలో వేసి చూస్తే తెలిసిపోతుంది. తాడును చుట్టలు చుట్టి పెట్టకుండా సంచిలోకి వదులుగా, పోగులుగా జారవిడవండి, అప్పుడు చిక్కు పడదు. విసిరేటప్పుడు రెండో కొసను కాలి కింద తొక్కిపెట్టాలి, చేతికి కట్టుకోకూడదు. క్యాను మునిగేవాడి తల మీదుగా అవతల పడేలా విసరాలి, తాడు అతని భుజాల మీద పడాలి. పట్టుకున్నాక మీరు కూర్చుని బిగబట్టండి. ప్రవాహమే అతన్ని మీ ఒడ్డుకు తిప్పుకొస్తుంది.

ఇక చిన్న దెబ్బలు. గాలం వేలిలో దిగితే వెనక్కి పీకకండి, కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ఎదురు ముల్లు మాంసాన్ని చీలుస్తుంది. ముందుగా గాలాన్ని దారం నుంచి కోసేయండి. గట్టి దారం ఒక మూరెడు తీసుకుని, గాలం వంపు లోపలి నుంచి వేసి రెండు కొసలూ ఒక చేతికి పట్టుకోండి. రెండో చేతి బొటనవేలితో గాలం కాడను, దారం కట్టే కన్ను ఉన్న వైపు, చర్మానికి ఆనేలా కిందికి అదమండి. అలా అదిమితే ముల్లు పట్టు వదులుతుంది. అదిమే ఉంచి, కాడకు సమాంతరంగా వెనక్కి ఒక్క ఝాడింపు. మెల్లగా లాగితే రాదు, నొప్పి మిగులుతుంది. ఎగిరొచ్చే దారిలో ఎవరూ ఉండకూడదు. కంటి దగ్గర, మెడ మీద, కీలు మీద దిగినా, మూడు కొనల గాలమైనా ఇది చేయొద్దు, అలాగే ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం సూది మాత్రం ఏదైనా తప్పదు, వేయించుకుని అయిదేళ్లు దాటితే. అన్నట్టు, పట్టకారుతో ఎదురు ముల్లును ముందే నొక్కేసుకుంటే ఈ గొడవ సగం ఉండదు. దారాన్ని బిగువుగా ఉంచినంతసేపూ చేప ఎక్కడికీ పోదు.

జెల్ల వీపు మీద ఒక ముల్లు, రెండు పక్కలా రెండు ముళ్లు. భయపడితే వాటిని నిలబెట్టి బిగించేస్తుంది. తడి గుడ్డతో తల వెనక నుంచి పట్టి, పట్టకారుతో గాలం తీయండి. ఇంగిలాయి ముల్లు ఇంకా పాపిష్టిది, చెయ్యంతా మంట పుడుతుంది. గుచ్చుకున్న చోటును 45 డిగ్రీల వేడి నీటిలో అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి దిగుతుంది. వేడిని మాత్రం బాగున్న చేతితో చూడాలి, గుచ్చుకున్న చేతికి సరిగా తెలియక కాల్చుకుంటారు.

చీకటి పడ్డాక కట్ట మీద టార్చి లేకుండా నడవొద్దు. నీటిలో కనబడే నీరుకట్టె కరిచినా విషం లేదు. కట్ట రాళ్లలో తిరిగే కట్లపాము, రక్తపింజరల సంగతి వేరు. చెరువు మీద హక్కు మత్స్యకారుల సొసైటీకి ఉంటే వాళ్లను అడిగి వేయండి. మర్యాద సంగతి అలా ఉంచినా, ఏ తూము తీసి ఉందో, గుంతలెక్కడున్నాయో వాళ్లకంటే తెలిసినవాళ్లు ఉండరు.

మునిగినవాణ్ణి ఒడ్డుకు చేర్చాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం ఇంకా చూస్తూనే ఉన్నాం. పొట్టలో నీళ్లు వస్తాయి, వాటితో చిక్కేం లేదు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతేనే చిక్కు. పిలిస్తే పలకక, ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటితో నోట్లోకి అయిదు సార్లు ఊపిరి ఊదండి, ఛాతీ లేవాలి. ఆ తరువాత ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, అయిదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 లెక్కన 30 నొక్కులు. మళ్లీ రెండు ఊపిరులు, మళ్లీ 30. ఒకరు ఇది చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి, వచ్చేదాకా ఆపకూడదు. అలసిపోతే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. కళ్లు తెరిచి ‘బాగానే ఉన్నాను, ఇంటికెళ్తా’ అన్నా ఆసుపత్రికే తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లోకి చేరిన నీరు కొన్ని గంటల తరువాత కూడా ఆయాసం తెస్తుంది.